నాలుగు సాళ్ల సెలెరీ

గురువారం

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ రెండున్నర గంటల దారి. అందులో సగం దూరం మా అమ్మాయి చదువుతున్న నవల కబుర్లతోనే గడిచింది. ఈమధ్య దానికి కోజీ మిస్టరీల పిచ్చి పట్టుకుంది. వాటిల్లో హత్య జరుగుతుందట, రక్తం మాత్రం కనబడదట. చిన్న ఊరు, ఒక బేకరీయో బొంతల కొట్టో, ఊళ్లో అందరి సంగతులూ ఆరా తీసే ఒక ఆడమనిషి. పోలీసులు తలలు పట్టుకుని కూర్చుంటే ఆవిడ కేకు కోస్తూ కోస్తూ హంతకుడు ఎవరో చెప్పేస్తుంది. ఆమిష్‌లంటే కార్లూ కరెంటు తీగలూ వద్దనుకుని పాత కట్టుబాట్లతో బతికే క్రైస్తవులు. వాళ్ల ఊళ్లలో జరిగేవి వీటిల్లో మళ్లీ ఒక రకం. అట్ట మీద తెల్ల టోపీ అమ్మాయి, వెనక గుర్రబ్బండి.

"ఆరా తీసే ఆడమనిషి అనగానే నాకు నువ్వే గుర్తొస్తావమ్మా" అంది.

32 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. హోంవర్కు ఎవరు ఎవరి నోట్సు చూసి రాశారో మొహాలు చూసి పట్టేసేదాన్ని. అందుకని కోపం రాలేదు. "ఈ నాలుగు రోజుల్లో ఒక కేసు పట్టుకుంటాను చూడు" అన్నాను. నా పక్కనున్న మనవరాలు వెంటనే నోట్‌బుక్ తీసి "కేస్ నంబర్ వన్" అని రాసుకుంది. ముందు సీట్లో ఉన్న మా ఆయన, "ముందు నా కళ్లజోడు ఎక్కడ పెట్టావో పట్టుకో" అన్నారు.

340 నంబరు రోడ్డెక్కాక మొదటి బగ్గీ కనబడింది. ఈ రోడ్డుని పాత ఫిలడెల్ఫియా పైక్ అంటారు. బూడిద రంగు డబ్బాలాంటి బండి, వెనక నారింజ రంగు ముక్కోణం, బ్యాటరీ లైట్లు. మా అల్లుడు వేగం తగ్గించి చాలాసేపు దాని వెనకే నడిపాడు. మా వెనక నాలుగు కార్లు ఆగాయి, ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఇక్కడి బగ్గీలు బూడిద రంగువి. ఒహాయోలో నల్లవి ఉంటాయి. ఇదే పెన్సిల్వేనియాలో మిఫ్లిన్ కౌంటీకి వెళితే పసుపు టాపువీ తెల్ల టాపువీ కూడా కనిపిస్తాయి. బండి రంగుని బట్టి మనిషి ఏ గుంపువాడో చెప్పెయ్యొచ్చన్నమాట.

ఇంకో మైలు వెళ్లాక నేను కారాపమన్నాను. రోడ్డు పక్కన పొడుగాటి చెక్క షెడ్డు. గోడ పలకల్లో కొన్ని కిటికీ రెక్కల్లా నిలువునా తెరిచి ఉన్నాయి. సందుల్లోంచి చూస్తే లోపల తలకిందులుగా వేలాడుతున్న ఆకులు, పైనుంచి కింద దాకా. పొగాకు! మాది టంగుటూరు. పొగాకు కాల్చే రోజుల్లో మా నాన్న రాత్రిళ్లు బ్యారన్ దగ్గరే, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం దగ్గరే, పడుకునేవాడు. మంట ఎక్కువైతే ఆకు మాడిపోతుంది, తక్కువైతే రంగు రాదు. వీళ్లకి మంటతో పని లేదు, గాలికే ఆరబెడతారు. టీవీ చూడనివాళ్లు, ఇంటికి కరెంటు తీగ తగిలించుకోనివాళ్లు పొగాకు పండిస్తారని నేను అనుకోలేదు. మా ఆయన షెడ్డు వైపు చాలాసేపు చూసి, "ఆకు బాగానే ఉంది, రేటెంతో" అన్నారు. టంగుటూరు వేలం కేంద్రం నుంచి ఆయన మనసు ఇంకా బయటికి రాలేదు.

మేం దిగింది ఒక మెనొనైట్ కుటుంబం పొలంలో. ఆమిష్‌లూ వీళ్లూ ఒక తల్లి బిడ్డలే. 1525లో జ్యూరిక్‌లో పుట్టిన ఉద్యమం వీళ్లది. పసిపిల్లలకి బాప్తిస్మం ఏమిటి, పెరిగి పెద్దయ్యాక తెలిసి తీసుకోవాలి అన్నారు. అందుకు ఊచకోతలకి గురయ్యారు. 1693లో జేకబ్ అమ్మన్ అనే ఆయన కట్టుబాట్లు ఇంకా గట్టిగా ఉండాలని వేరుపడ్డాడు. ఆయన పేరు మీదే ఆమిష్. మాకు బస ఇచ్చిన ఇంటావిడకి కారుంది, ఫోనుంది, ఇంట్లో వాషింగ్ మెషీనుంది. తలకి మాత్రం చిన్న తెల్ల టోపీ. వచ్చీ రాగానే ఒకే మాట చెప్పింది: పక్కవాళ్లు ఆమిష్, మొహాలు కనిపించేలా ఫొటోలు తీయకండి.

సాయంత్రం పప్పులోకి ఏదైనా ఆకు దొరుకుతుందేమోనని పక్కవాళ్ల దారి మొదట్లో ఉన్న కూరగాయల బల్ల దగ్గరికి వెళ్లాను. పోపుల డబ్బా నాతోనే ఉంది. అది లేకుండా నేను తిరుపతి కూడా వెళ్లను. బల్ల మీద టమాటాలు, గుమ్మడికాయలు, చౌచౌ సీసాలు. చౌచౌ అంటే రకరకాల కూరముక్కలు వెనిగర్లో, చక్కెరలో ఊరబెట్టిన పచ్చడి. కారం లేని పచ్చడిని పచ్చడి అనడానికి నాకు నోరు రాదు, వేరే మాట లేక అంటున్నాను. పక్కన డబ్బులు వేయడానికి రేకు డబ్బా. "ఆదివారం అమ్మకాలు లేవు" అని సుద్దముక్కతో రాసిన పలక. వంగపువ్వు రంగు గౌను వేసుకున్న పదేళ్ల పిల్ల చెప్పుల్లేని కాళ్లతో నిలబడి ఉంది.

ఆ పిల్ల వెనక కూరగాయల తోట. క్యాబేజీ, బీట్‌రూట్, గట్టు పొడుగునా బంతిపూలు. వాటికి అవతల, రోడ్డు మీద వెళ్లేవాళ్లకి కనబడకుండా మొక్కజొన్న చాటున, నాలుగు సాళ్ల సెలెరీ. ఒక్కో సాలులో అరవై మొక్కలకి తగ్గవు. సెలెరీ, కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు అన్నీ ఒకే కుటుంబం. పప్పులో వేస్తే ఏమవుతుందో చూద్దామనిపించింది. "ఒక్క కట్ట ఇస్తావా?" అని అడిగాను.

పిల్ల నా వైపు చూసింది. సెలెరీ వైపు చూసింది. ఇంట్లోకి పరిగెత్తింది.

తల్లి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ముదురు నీలం గౌను, దానికి గుండీలు లేవు, అన్నీ గుండుసూదులే. "అది అమ్మడానికి కాదండీ" అంది నవ్వుతూ.

"ఇంట్లోకా?"

"ఇంట్లోకే."

"ఎంతమంది ఉంటారు?"

"ఏడుగురం" అని చెప్పి, ఎందుకో తెలియదు గానీ మొహం ఎర్రబడి, రెండు టమాటాలు ఎక్కువ వేసి పంపించింది.

రెండువందల నలభై మొక్కలు, ఏడుగురు మనుషులు. లెక్కల మాస్టారికి ఇచ్చినా కుదరని లెక్క. మనవరాలి నోట్‌బుక్‌లో కేసుకి పేరు పడింది.

రాత్రి కిటికీలోంచి చూస్తే పక్క పొలం మధ్య, ఇంటికి దూరంగా, చిన్న చెక్క గదిలో దీపం వెలిగింది. ఎవరో లోపలికి వెళ్లి పావుగంట తర్వాత వచ్చారు. పాపం, ఇంకా బయటి మరుగుదొడ్లేనా వీళ్లకి అనుకుని పడుకున్నాను.

శుక్రవారం

అది మరుగుదొడ్డి కాదు, ఫోను గది. పొద్దున కాఫీ దగ్గర ఇంటావిడ చెప్పి నవ్వాపుకోలేకపోయింది. ఇంట్లో ఫోను మోగితే నలుగురు కలిసి తినే భోజనం చెడుతుందని ఫోనుని పొలంలోకి తోసేశారు. రెండు మూడు కుటుంబాలకి కలిపి ఒక గది. కావలసినవాళ్లు వెళ్లి మాట్లాడతారు, వాయిస్‌మెయిల్ వింటారు, వస్తారు. విద్యుత్తు సంగతీ అంతే. వీధి తీగ ఇంట్లోకి రాకూడదు. కానీ ఫ్రిజ్ గ్యాస్‌తో నడుస్తుంది, కుట్టుమిషను గాలి ఒత్తిడితో నడుస్తుంది, బ్యాటరీలు సోలార్ పలకతో ఎక్కుతాయి. పాతకాలంలో ఆగిపోయినవాళ్లు అనుకుని వెళితే పొరపాటు. ఒక్కో వస్తువునీ గుమ్మం దగ్గర నిలబెట్టి, నువ్వు లోపలికొస్తే మాకేమవుతుంది అని విచారణ చేసి పంపిస్తారు. మా ఇంట్లో స్మార్ట్‌ఫోనుని ఎవరూ అలా విచారించలేదు.

ఎఫ్రటాలో గ్రీన్ డ్రాగన్ అనే సంత శుక్రవారం ఒక్కరోజే జరుగుతుంది. పశువుల వేలం దగ్గర మా ఆయన, మిఠాయిల దగ్గర మనవరాలు తప్పిపోయారు. షూఫ్లై పై తిన్నాం. మొలాసిస్‌తో చేస్తారు. బెల్లప్పాకం మాడిస్తే వచ్చే రుచి. దానికి ఈగలు ముసురుతుంటే తోలుకుంటూ చేసేవారట, అందుకని ఆ పేరు. సంత గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు, చీమకుర్తి సంత చూసినవాళ్లకి కొత్తగా ఏమీ ఉండదు.

మధ్యాహ్నం బగ్గీ సవారీ. తోలేది ఆమిష్ ముసలాయన. తెల్లటి గడ్డం, మీసం లేదు. పెళ్లయ్యాకే గడ్డం పెంచుతారు. మీసం సైనికుల గుర్తని అసలు పెంచరు. గడ్డం లేని కుర్రాడు కనిపిస్తే పెళ్లికానివాడని అర్థం. ఇది నా నోట్సులో రాసుకున్నాను.

మాట కలపడానికి ఇంటిపేరు అడిగాను. స్టోల్ట్జ్‌ఫస్ అన్నాడు. మా ఇంటావిడ పక్కింటివాళ్లదీ అదే కదా అన్నాను. ఆయన నవ్వి, ఈ చుట్టుపక్కల ప్రతి నలుగురిలో ఒకరం స్టోల్ట్జ్‌ఫస్‌లమే అన్నాడు. 1766లో నికొలస్ అనే ఒక్కాయన ఓడ దిగాడు, ఇదంతా ఆయన సంతానం. కింగ్, ఫిషర్, బైలర్, లాప్ అని ఇంకో నాలుగు ఇంటిపేర్లు. అబ్బాయిలందరికీ బైబిల్లో పేర్లే. అందుకని ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు వీధికి ముగ్గురు తేలతారు. వాళ్లని విడదీయడానికి ముద్దుపేర్లు పెట్టుకుంటారు. మనకి బోలెడు ఇంటిపేర్లుండి కూడా మా ఊళ్లో ఒకాయన్ని చచ్చేదాకా "బొగ్గుల కొట్టు" అనే పిలిచాం. ఇక వాళ్లేం చేస్తారు.

1900 ప్రాంతంలో అమెరికా మొత్తం కలిపితే వీళ్లు సుమారు 6,000 మంది. ఇప్పుడు దాదాపు 4,00,000. లాంకాస్టర్ చుట్టూనే 40,000 దాటారు. బయటివాళ్లు వచ్చి చేరి పెరిగిన సంఖ్య కాదిది. ఇంటికి ఆరుగురు ఏడుగురు పిల్లలు, వాళ్లలో చాలామంది పెద్దయ్యాక కూడా ఇందులోనే ఉండిపోతారు. ఉంటారా పోతారా అన్నది తేల్చుకోవడానికి పదహారేళ్లు దాటాక కొంత కాలం స్వేచ్ఛగా వదులుతారు. ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి ఆ వయసులో కట్టుబాట్లు పూర్తిగా వర్తించవు. ఒకసారి తీసుకుని తప్పారంటే మాత్రం వెలి. అన్నం పళ్లెం కూడా వేరుగా పెడతారు. కోజీ నవలలు ఈ సంగతి మీద బొంత కప్పేస్తాయేమోనని నాకు అనుమానం.

దారిలో ఒక ఇంటికి నీలం గేటు కనబడింది. నీలం గేటుంటే ఆ ఇంట్లో పెళ్లీడు ఆడపిల్ల ఉన్నట్టని మా అల్లుడు ఎక్కడో చదివాడు. నేను ఉత్సాహంగా లేచి చూశాను. ముసలాయన గుర్రాన్ని అదిలిస్తూ, "ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరు ముసలాళ్లు. పెయింటు చవగ్గా దొరికుంటుంది" అన్నాడు. టూరిస్టుల కోసం పుట్టించిన కథట అది. కొట్టాలకి రంగురంగుల చక్రాలు వేసేది కూడా ఆమిష్‌లు కాదు, ఇక్కడి మిగతా జర్మన్ కుటుంబాల వాళ్లు. నా రెండు ఆధారాలు ఒకేసారి పోయాయి.

"పోనీ, సెలెరీ సంగతేమిటి?" అని అడిగాను.

ఆయన పగ్గాలు బిగించాడు. బండి దాదాపు ఆగింది. "ఎంత సెలెరీ?"

"నాలుగు సాళ్లు."

"ఏ ఇంట్లో?" ఆయన కళ్లు మెరిశాయి.

అప్పుడు అర్థమైంది, ఈ ఊళ్లో డిటెక్టివ్‌ని నేనొక్కదాన్నే కాదని. గబుక్కున "ఏమో, గుర్తులేదండీ, కార్లోంచి చూశాను" అన్నాను. మా అమ్మాయి నా వైపు వింతగా చూసింది. ఒకరి ఇంటి కబురు నేను కడుపులో దాచుకోవడం అది ఎప్పుడూ చూసి ఉండదు.

ఆయన ఏమీ అనుకోకుండా వివరం చెప్పాడు. పెళ్లిళ్లు ఎక్కువగా పంటలు ఇంటికొచ్చాక, నవంబర్లో. అదీ చాలావరకు మంగళవారమో గురువారమో. పెళ్లికూతురి ఇంట్లోనే, మూడు నాలుగు వందల మందికి భోజనాలు. రొట్టె ముక్కలతో కలిపి వండిన కోడి, దాంతోపాటు తప్పకుండా సెలెరీ. వెన్నలో పాలల్లో ఉడికించి ఒకటి, పచ్చి కాడలు పువ్వుల్లా గాజు సీసాల్లో నిలబెట్టి బల్లల మీద ఒకటి. పెళ్లి కుదిరిన సంగతి అక్టోబర్ చివర్లో ప్రార్థనలో చదివి వినిపించేదాకా రహస్యం. పిల్లా పిల్లాడూ తల్లిదండ్రులూ తప్ప ఎవరికీ తెలియకూడదు. కానీ సెలెరీ ఎదగడానికి నెలలు పడుతుంది. వేసవిలో ఎవరి దొడ్లో సెలెరీ ఎక్కువగా పచ్చబడిందో ఊరంతా కళ్లతోనే లెక్కపెట్టుకుంటుంది, పైకి మాత్రం అడగరు.

మనవాళ్లూ అంతే కదా. సంబంధం ఖాయమై తాంబూలాలు పుచ్చుకునేదాకా నోరు విప్పరు. దిష్టి తగులుతుందని ఒక భయం, చెడగొట్టేవాళ్లు ఉంటారని ఇంకో భయం. అటు టైలరు దగ్గర జాకెట్ల లెక్క చూసి ఊరంతా పసిగడుతుంది.

తిరుగుదారిలో ఒక బడి మీదుగా వచ్చాం. ఒకే గది, ఎనిమిది తరగతులు, పాతికమంది పిల్లలు. గోడకి ఆనించి స్కూటర్లు వరసగా ఉన్నాయి. సైకిలుకి అనుమతి లేదు గానీ కాలితో తోసుకుంటూ పోయే ఈ స్కూటర్లకి ఉంది. పిల్లలు బేస్‌బాల్ ఆడుతున్నారు. ముసలాయన బడి దగ్గర బండి ఆపలేదు, మాటలు కూడా ఆపేశాడు. ఎందుకో మా అల్లుడు తర్వాత చెప్పాడు. ఇక్కడికి దక్షిణంగా కొద్ది మైళ్ల దూరంలో నికెల్ మైన్స్ అనే చోట 2006 అక్టోబర్ 2న ఒకడు తుపాకీతో ఇలాంటి బళ్లోకే వచ్చాడు. పది మంది ఆడపిల్లల్ని కాల్చి తనని తాను చంపుకున్నాడు. ఐదుగురు పిల్లలు పోయారు. అదే రోజుల్లో ఆమిష్‌లు ఆ హంతకుడి భార్యని ఓదార్చడానికి వెళ్లారు, వాడి అంత్యక్రియలకీ వెళ్లారు. ఆ బడిని పది రోజుల్లో కూల్చేసి నేలని గడ్డికి వదిలేశారు. రక్తం కనబడని నవలల కబుర్లు వింటూ వచ్చిన నాకు ఆ పూట అన్నం సహించలేదు.

అయినా టీచరు కళ్లు ఊరుకోవు. బడి మెట్ల మీద ఇద్దరు అమ్మాయిల్ని చూశాను. ఒకామెకి ఇరవై రెండు ఇరవై మూడుంటాయి, ఇంకో పిల్లకి పదిహేడు. చిన్నది చేతి గంట వాయిస్తుంటే పెద్దది పక్కన నిలబడి, ఇంకొంచెం గట్టిగా అన్నట్టు చెయ్యి ఊపింది. ట్రైనింగ్‌కి వచ్చిన టీచర్లని ఎంతమందిని చూడలేదు!

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఎనిమిదో తరగతితో చదువు ఆపేయడం నాకు మింగుడు పడలేదు. 1972లో అమెరికా సుప్రీంకోర్టు కూడా మత స్వేచ్ఛ పేరుతో వాళ్ల వైపే తీర్పిచ్చింది. తొమ్మిదిలో చేరకుండా పెళ్లి చేసేస్తామన్న తల్లిదండ్రుల ఇళ్లకి నడిచి వెళ్లి గొడవపడ్డదాన్ని నేను. ఆ బళ్లో పాఠం చెప్పే అమ్మాయి చదువూ ఎనిమిదే.

శనివారం

మనవరాలి కోసం స్ట్రాస్‌బర్గ్ రైలెక్కాం. 1832లో పుట్టిన రైల్వే, ఇప్పటికీ బొగ్గు ఇంజనే. పొలాల మధ్య నుంచి పారడైజ్ అనే ఊరిదాకా వెళ్లి వెనక్కి వస్తుంది, ముప్పావు గంట. పారడైజ్ అనగానే మా అల్లుడికి బిర్యానీ గుర్తొచ్చింది. దగ్గర్లో ఇంకో ఊరుంది, దాని పేరు బోర్డు మీద చూసి మనవరాలు గట్టిగా చదివి అర్థం అడిగింది. మా ఆయన వెంటనే అటుపక్క ఆవుల్ని చూపించారు. కిటికీలోంచి ఆరు కంచరగాడిదలు కట్టిన యంత్రంతో ఒకాయన మేత జొన్న కోస్తూ కనబడ్డాడు. రైల్లో అందరూ ఫోన్లు పైకెత్తారు. ఆయన మొహం మాత్రం అవతలికి తిప్పుకున్నాడు.

సాయంత్రం కేసు మీద కూర్చున్నాం. పెళ్లి జరిగేది పెళ్లికూతురి ఇంట్లో. మరి పక్కింట్లో ఎవరున్నారు? భార్యాభర్తలు, నలుగురు మగపిల్లలు, పదేళ్ల ఆడపిల్ల. మొత్తం ఏడుగురు, ఆవిడ చెప్పిన లెక్క సరిపోయింది. పెద్ద కుర్రాడికి గడ్డం లేదు, పదిహేడు దాటవు. పెళ్లికూతురే లేని ఇంట్లో మూడువందల మందికి సరిపడే సెలెరీ. "అమ్ముకోవడానికేమో" అన్నారు మా ఆయన. "అడిగితే ఇవ్వలేదుగా" అన్నాను. "వాళ్లకి ఇష్టమేమో" అన్నాడు అల్లుడు. "నోట్ చేసుకోవాలా అమ్మమ్మా?" అంది మనవరాలు. వద్దన్నాను.

పొద్దు వాలుతుండగా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. రోడ్డు మీంచి ఒక స్కూటరు వచ్చి పక్కింటి వెనక్కి తిరిగింది. హ్యాండిల్‌కి ఎర్ర లంచ్ డబ్బా. దిగిన అమ్మాయి ఇంట్లోకి వెళ్లలేదు. తిన్నగా తోటలోకి వెళ్లి పార అందుకుంది. మొక్కజొన్న చాటున వంగి సెలెరీ మొదళ్లకి మట్టి ఎగదోయడం మొదలెట్టింది. అలా మట్టి కప్పితే కాడలు తెల్లగా, చేదు లేకుండా వస్తాయి. కాసేపటికి ఆ ఇంటావిడ కూడా వచ్చి పక్క సాలు పట్టుకుంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. పదేళ్ల పిల్ల వాళ్ల వెనక నీళ్ల డబ్బా మోస్తూ తప్పు సాలులో కాలేసింది. స్కూటరు అమ్మాయి తల ఎత్తకుండానే చెయ్యి ఊపి ఆపింది. ఆ చెయ్యి నేను నిన్న చూసిందే.

బళ్లో టీచరు!

అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. పెళ్లైతే వీళ్లలో ఆడవాళ్లు బడి మానేస్తారు. అందుకే సెప్టెంబర్లోనే పదిహేడేళ్ల పిల్లకి గంట కొట్టడం నేర్పిస్తోంది. సెలెరీ మాత్రం తన ఇంట్లో కాకుండా ఇక్కడ ఎందుకు వేసినట్టు?

రాత్రి గిన్నెలు తిరిగిచ్చే వంకతో మా ఇంటావిడ వంటింట్లోకి వెళ్లాను. నేను కనుక్కున్నదంతా చెప్పాను. ఆవిడ తువ్వాలుతో గ్లాసు తుడుస్తూనే ఉంది. అదే గ్లాసు మూడుసార్లు తుడిచింది.

"ఆ అమ్మాయి వీళ్ల అన్న కూతురు" అంది చివరికి. "వాళ్ల ఇల్లు పెద్ద రోడ్డు పక్కనే. టూరిస్టు బస్సులు సరిగ్గా తోట ముందే ఆగుతాయి." గ్లాసు లోపల పెట్టింది. "రేపు వాన పడేలా ఉంది."

అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. మర్నాడు వానా పడలేదు.

ఆదివారం

పొద్దున ఏడున్నరకి గుర్రపు డెక్కల చప్పుడుకి మెలకువొచ్చింది. వరసగా బగ్గీలు, లెక్కపెడితే పందొమ్మిది. వీళ్లకి గుడి అంటూ వేరే కట్టడం ఉండదు. రెండు వారాలకొకసారి ఒకరింట్లో ప్రార్థన, బల్లలన్నీ ఒక బండిలో ఇల్లిల్లూ తిరుగుతాయి. మూడు గంటలు జర్మన్‌లో. పాడే పుస్తకం 1564 నాటిది. అందులో స్వరాలు రాసి ఉండవు, రాగం చెవులనుంచి చెవులకి వచ్చిందే. పక్కింటివాళ్లది వేరే ప్రార్థన గుంపు కాబట్టి వాళ్లకి ఈ వారం సెలవు.

మేం సామాను సర్దుతుంటే ఆవిడ కంచె దాటి వచ్చింది. చేతిలో పత్రిక కాగితంలో చుట్టిన పొట్లం. "మీరు అడిగారు కదా, ఇవాళైతే డబ్బులు తీసుకోకూడదు" అని నా చేతికిచ్చింది. విప్పి చూస్తే ఒక సెలెరీ మొక్క, వేళ్లకి ఇంకా తడి మట్టి ఉంది. చుట్టిన కాగితం వాళ్ల వారపత్రికలోది. ఊరూరి నుంచి వచ్చే ఉత్తరాలే అందులో వార్తలు. మా అమ్మాయి పైకి చదివింది: ఎవరింటికి ఎవరు చుట్టాలొచ్చారు, ఎక్కడ వడగళ్లు పడ్డాయి, ఎవరు నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నారు. పెళ్లి మాట ఎక్కడా లేదు.

"మీరు టీచరట కదా" అందావిడ. "ఎన్నేళ్లు చేశారు?"

"ముప్ఫై రెండేళ్లు."

"పెళ్లికి ముందా?"

"ఒక ఏడాది ముందు. మిగతాదంతా పెళ్లయ్యాకే."

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తోట వైపు చూసింది. నేను అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఆ అమ్మాయికి బడి వదలడం ఇష్టమేనా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా, పిల్లలకి ఏం చెప్పింది. ఒక్కటీ అడగలేకపోయాను. అడిగితే నాకు తెలుసని తెలిసిపోతుంది.

కానీ చేతిలో సెలెరీ పెట్టిన మనిషిని వట్టి చేతులతో పంపడం మా ఇంటా వంటా లేదు. కార్లోంచి పోపుల డబ్బా తీయించాను. జీలకర్ర గిన్నె ఖాళీ చేసి, చిన్న సీసాలో పోసి ఆవిడకిచ్చాను. వాసన చూసి ఇదేమిటని అడిగింది.

"మీ సెలెరీకి మేనత్త కూతురు వరస. కూరల్లో వేస్తాం" అన్నాను. అక్కడితో ఊరుకోవలసింది. నోరు ఊరుకోలేదు. "మా వైపు పెళ్లిలో బెల్లంతో కలిపి నూరి, వధూవరులు ఒకరి తల మీద ఒకరు పెడతారు. అది పెట్టిన క్షణమే ముహూర్తం."

మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ మధ్యలో ఆగి నా వైపు ఉరిమి చూసింది. ఆవిడ మెడ దగ్గర మొదలై నుదుటి దాకా ఎర్రబడింది. మూత గట్టిగా బిగించి సీసాని ఏప్రన్ జేబులో వేసుకుంది. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది.

"నవంబర్ దాకా పాడవదు కదా?"

"తడి తగలకపోతే పాడవదు" అన్నాను.